లాండ్రీ గదిలో బొత్తాల కోటలు

పోయిన నెల రెండో మంగళవారం పొద్దున పాలు తేవడానికి కిందికి దిగుతుంటే లిఫ్టు గోడకు ఒక కాగితం అతికించి ఉంది. ఆ గోడ మీద మామూలుగా నీళ్లు రావనో, ఫైర్ అలారం టెస్ట్ చేస్తారనో నోటీసులు పెడుతుంటారు. చదవకుండానే తల తిప్పేయడం నాకు అలవాటు. ఆ రోజు కాగితం మీద ఫొటో ఉంది. పదకొండో అంతస్తులో మా ఎదురు ఫ్లాటులో ఉండే మాస్టారు ఆదివారం సాయంత్రం ఆస్పత్రిలో నిద్రలోనే పోయారని కింద రెండు లైన్లు రాశారు. ఎనభై మూడేళ్లు. లిఫ్టు కింద ఆగింది, తలుపు తెరుచుకుంది, మళ్లీ మూసుకుంది. నేను దిగలేదు. గురువారం ఆస్పత్రికి వెళ్లి చూసొద్దామని మా ఆవిడా నేనూ అనుకున్నాం. ఆయన మా గురువారం దాకా ఆగలేదు.

మాస్టారిది ఘనా దేశంలో ఉత్తరాన ఒక కొండ పల్లె. అక్కడ హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. కెనడా వచ్చాక ఆయన సర్టిఫికెట్లు ఇక్కడ పనికి రావన్నారు. కొన్నేళ్లు ఒక మాల్‌లో సెక్యూరిటీ గార్డుగా నిలబడ్డారు. తర్వాత మళ్లీ చదివి, పరీక్షలు రాసి, ఇక్కడి స్కార్‌బరో స్కూళ్లలో, సెలవు పెట్టిన టీచర్ల బదులు వెళ్లే సప్లై టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. బిల్డింగులో అందరూ ఆయన్ని టీచర్ అనేవారు. నేను మాస్టారూ అనేవాణ్ణి. ఆయన నన్ను 'జూనియర్ బ్రదర్' అనేవారు. వాళ్ల వైపు తమ్ముణ్ణి అలాగే అంటారట. ఆయన మాట్లాడిందంతా ఇంగ్లీషే. ఇక్కడ నా తెలుగులో రాస్తున్నాను. నా తెలుగులో ఆయన కొంచెం గోదావరి యాసలో పడినా ఏమీ అనుకోరనే ధైర్యం.

ఆయన గురించి రాయాలంటే ఆయన తండ్రి గురించి కూడా రాయాలి. మాస్టారు జీవితమంతా ఒక్క మనిషిని క్షమించాలో వద్దో తేల్చుకోలేక సతమతమయ్యారు. ఆ మనిషి తండ్రే. తెల్లదొరల సైన్యంలో సిపాయి. ఆ సంగతి నాకు తెలియక ముందు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. అది కూడా చెప్పాలి.

మా పరిచయం లాండ్రీ గదిలో మొదలైంది. పెళ్లయ్యాక నేను ఒప్పుకున్న ఒకే ఒక్క ఇంటిపని బట్టలు ఉతికించుకు రావడం. శనివారం పొద్దున బుట్ట ఎత్తుకుని, బిల్డింగు అందరికీ కలిపి మెషిన్లు పెట్టిన బేస్‌మెంటుకు వెళితే మాస్టారు అప్పటికే అక్కడ ఉండేవారు. ఇంటి నుంచి తెచ్చుకున్న మడత కుర్చీని ఎప్పుడూ తలుపుకు ఎదురుగా వేసుకునేవారు. ఆయన ఆరడుగుల మనిషి, గది తలుపు ఏడడుగులు. అయినా లోపలికి వచ్చేటప్పుడు ప్రతిసారీ తల వంచేవారు. నడుం నొప్పేమో అనుకున్నాను. మా ఇద్దరికీ చనువు వచ్చాక అడిగాను.

"మా అమ్మమ్మ ఇంటి గుమ్మం నీ నడుం ఎత్తు కూడా ఉండదు" అన్నారు. "వంగి, దాదాపు పాకుతూ వెళ్లాలి. లోపల మళ్లీ ఒక చిన్న గోడ. బానిసల కోసం వేటాడేవాళ్లు వస్తే ముందు తల లోపలికి పెట్టాలి కదా. లోపల మా వాళ్లు దుడ్డుకర్రతో నిలబడి ఉంటారు. వేట ఆగిపోయి ఎన్ని తరాలైందో! మా వాళ్లు ఇంకా గుమ్మాలు అంతే ఎత్తు కడుతున్నారు. ఎందుకని అడిగితే, ఇల్లంటే ఇలాగే ఉంటుంది అంటారు. నేను కెనడా వచ్చి ఇన్నేళ్లయినా నా మెడకు ఆ సంగతి ఇంకా తెలియలేదు."

అలా చెప్పి ఆయన నవ్వారు. నాకు నవ్వాలో లేదో తెలియక నా బట్టల్లో తెల్లవి, రంగువి వేరుచేయడం మొదలుపెట్టాను.

ఒక శనివారం ఫోన్‌లో వార్తలు చూస్తూ నోరు జారాను. "మాస్టారూ, ఏమీ అనుకోకండి. మీ వైపు దేశాల్లో పొద్దున లేస్తే ఎవడో ఒక మిలిటరీవాడు టీవీలో కనపడి, ఇక నుంచి నేనే ప్రెసిడెంటుని అంటాడు. ఎందుకలా?"

ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అక్కడేదో మనుషుల్లోనే లోపముందన్న గొంతుతో అడిగాను. ఆయన కోప్పడలేదు. "నీ డ్రయ్యర్ ఇంకా ఎంతసేపు?" అన్నారు.

"నలభై రెండు నిమిషాలండి."

"చాలదు. మొదలు మాత్రం పెడదాం."

బట్టలు మడతపెట్టే బల్ల మీద తన గోధుమరంగు తువ్వాలు పరిచి, అంచులు అక్కడా ఇక్కడా లోపలికి తోసి పశ్చిమ ఆఫ్రికా తీరం చేశారు. చొక్కాల నుంచి ఊడిపోయి మెషిన్లలో మిగిలే బొత్తాలన్నీ ఏరి ఆయన ఒక బిస్కెట్ డబ్బాలో దాచేవారు. అవి తీసి సముద్రం అంచున వరసగా పెట్టారు.

"ఇవి తెల్ల వర్తకుల కోటలు. వీటి మీద ఫిరంగులు ఎక్కువగా ఎటు చూసేవో చెప్పు."

"లోపలికి. మీ వాళ్ల మీదికి."

"సముద్రం మీదికి. వాళ్లకు భయం పోటీ వర్తకుల ఓడలంటే. లోపలి సంగతి లోపలివాళ్లే చూసుకునేలా ఏర్పాటు చేశారు." ఆయన తువ్వాలు మధ్యలో రెండు విడి మేజోళ్లు పెట్టారు. జత పోగొట్టుకున్న మేజోళ్లకు ఆ గదిలో కొదవలేదు. "నువ్వు ఈ రాజువి. పక్క రాజు తుపాకులు సంపాదించాడు. నీ దగ్గర లేవు. ఏం చేస్తావు?"

"కొంటాను."

"దేనితో? నీ ధాన్యం వాళ్లకు అక్కర్లేదు. బంగారం అందరి నేలలోనూ లేదు."

ఆయనే చెప్పారు. "మనుషులతో. పక్కవాణ్ణి పట్టి ఇవ్వకపోతే పక్కవాడు నిన్ను పట్టి ఇస్తాడు. తుపాకీ కోసం మనిషి, ఆ మనిషిని పట్టడానికి ఇంకో తుపాకీ. కొందరు రాజులు ఒప్పుకోలేదు. కొన్ని ఊళ్లు కొండలెక్కాయి, కొన్ని గోడలు కట్టుకున్నాయి, పారిపోయి వచ్చినవాళ్లను కొందరు దాచారు. కానీ అన్ని తరాలు అలా గడిచాక, దేశంలో అన్నిటికన్నా లాభసాటి పని సాయుధుడిగా ఉండటం అయిపోయింది. పొరుగూరివాణ్ణి నమ్మడం అన్నిటికన్నా కష్టమైన పని అయింది. సైన్యం సంగతి అడిగావు కదా, అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి."

ఆయన ముగించేసరికి డ్రయ్యర్ ఆగింది. అవతల మెషిన్ దగ్గర బట్టలు మడతపెడుతున్న తమిళావిడ కూడా పని ఆపి వింటోంది. ఆ తర్వాత శనివారాల్లో ఆవిడ ఇడ్లీల డబ్బాతో వచ్చేది. మరో ఇద్దరు ముగ్గురు చేరారు. ఎవరూ పేరు పెట్టలేదు గాని అది ఒక క్లాసు. ఉతుకు పూర్తయ్యేదాకా ఒక భాగం, ఆరబెట్టడం పూర్తయ్యేదాకా ఒక భాగం. మెషిన్ ఆగితే ఆయన కూడా ఆపేసేవారు. వాక్యం మధ్యలో ఉన్నా సరే. మా ఇంట్లో అప్పటిదాకా వారానికి ఒక బుట్ట బట్టలు ఉండేవి, రెండు బుట్టలయ్యాయి. ఉతికినవే మళ్లీ ఉతుకుతున్నానని మా ఆవిడ కనిపెట్టి వారం పాటు ఆటపట్టించింది.

రెండో శనివారం ఆయన బూటు లేసులు తెచ్చారు. అవి రైలు పట్టాలు. గని దగ్గర మొదలై రేవులో ఆగిపోయేవి. ఒక లేసు ఇంకో లేసును ఎక్కడా కలవలేదు. ప్రతి గది నుంచీ వీధిలోకే తప్ప పక్క గదిలోకి దారి లేని ఇల్లు లాంటిదని ఆయన అన్నారు. ఆ ఇంటికి కాపలా పెట్టిన సైన్యంలోకి ఉత్తరాన కొండ పల్లెల వాళ్లను తీసుకున్నారు. ఉత్తరాదివాళ్లు యుద్ధానికే పుట్టారని దొరలు రాసుకున్నారు. వాళ్లను తెచ్చి భాష తెలియని దక్షిణాది ఊళ్లలో నిలబెట్టారు. ఎదురుగా ఉన్నవాడు ఏమని అరుస్తున్నాడో అర్థం కాకపోవడమే ఆ ఏర్పాటులో ముఖ్యమైన సంగతి. ఒకప్పుడు ఉత్తరాది మనుషుల్ని పట్టి దక్షిణాది తీరంలో అమ్మిన జ్ఞాపకం కూడా దొరలకు బాగా పనికొచ్చింది.

"సరిహద్దు ఎక్కడుందో చూడు, సిపాయిలుండే బారక్ గేటు ఎటు తెరుచుకుంటుందో చూడు" అనేవారు. "మా గేట్లు ఊరివైపే తెరుచుకునేవి. స్వాతంత్ర్యం వచ్చింది. జెండా మారింది, పాట మారింది, గేటు మారలేదు."

అలాగని తప్పంతా దొరల మీదికి తోసేవారు కాదు. నేను ఒకసారి ఉత్సాహం కొద్దీ "అంతా వాళ్లే చేశారన్నమాట" అంటే చెయ్యి అడ్డంగా ఊపారు. "అన్ని మరకలకీ ఒకే సబ్బు చాలని చెప్పేవాడు సబ్బు అమ్మడానికొచ్చినవాడు. మా వాళ్లలో కొన్నవాళ్లున్నారు, అమ్మినవాళ్లున్నారు, కాల్చినవాళ్లున్నారు. వాళ్లకు దారులు తక్కువ మిగిలాయి. కానీ మిగిలాయి." ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు.

ఇక నా తెలివితక్కువ పని సంగతి. మాస్టారి ఫ్లాటులో కిటికీ గూట్లో ఒక ఫొటో ఉండేది. యూనిఫాంలో ఒక యువకుడు. ఫొటో గదిలోకి కాకుండా బయటికి, పార్కింగ్ లాటు వైపు తిప్పి ఉండేది. గదిలో కూర్చున్నవాళ్లకు ఫ్రేము వెనకాల అట్ట మాత్రమే కనపడుతుంది. ఎవరని అడిగితే, "మా నాన్న. బర్మాలో యుద్ధం చేశాడు. ఆయన బయటికి చూస్తుంటేనే నాకు నిద్ర పడుతుంది" అన్నారు. నేను ఆ చివరి మాట సరిగ్గా వినలేదు. బర్మా అన్న మాట దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. మా తాతయ్య కూడా తెల్లదొరల సైన్యంలో సిపాయిగా బర్మా వెళ్లాడు. కొండల్లో నెత్తి మీద బరువులు పెట్టుకుని వరసగా నడిచే ఆఫ్రికా సిపాయిల గురించి మా నాన్నకు కథలు చెప్పేవాడట. ఏటా తాతయ్య తద్దినం నాడు ఆయన మెడల్‌ను తుడిచి ఫొటో దగ్గర పెడతాం. ఇంకేముంది, వీరుల వంశాలు రెండూ ఒకే అంతస్తులో ఎదురెదురుగా ఉన్నాయని నాకు పూనకం వచ్చింది.

అప్పట్లో నేను మా తెలుగు సంఘానికి సాంస్కృతిక కార్యదర్శిని. మనకు ఎవరి మీదైనా గౌరవం కలిగితే ఏం చేస్తామో మీకు తెలుసు. శాలువా కప్పుతాం. నవంబరులో ఇక్కడ యుద్ధంలో పోయినవాళ్లను తలుచుకునే రోజు వస్తుంది, అందరూ గుండె మీద ఎర్రటి గసగసాల పువ్వు పెట్టుకుంటారు. ఆ వారం శనివారమే కమ్యూనిటీ హాల్లో మా వనభోజనాల ప్రోగ్రాం ఉంది. చలికి వనం కుదరక హాల్లో పెట్టుకున్నాం. మాస్టారికి సన్మానం సంగతి చెప్పలేదు, సర్‌ప్రైజ్ అన్నమాట. భోజనానికి రండి అని మాత్రం పిలిచాను. పాపం, చారల చేనేత అంగీ వేసుకుని, తలుపు దగ్గర తల వంచి మరీ వచ్చారు.

మైకు చేతికొస్తే నేను ఆగలేను. వీరపుత్రుడన్నాను, బర్మా అడవులన్నాను, మా తాతయ్యను కూడా కలిపేశాను. సంఘం అధ్యక్షుడు జరీ అంచు శాలువా కప్పాడు. అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మాస్టారు నా వైపు వంగి, "ఇది ఎందుకు?" అని అడిగారు.

"మీ నాన్నగారి ధైర్యానికండి" అన్నాను మైకులోనే.

ఆయన శాలువా తీశారు. తొందర లేకుండా నాలుగు మడతలు పెట్టి కుర్చీ మీద ఉంచారు. మైకు అడిగి తీసుకున్నారు. "మా నాన్న చాలా ఏళ్లు తుపాకీ పట్టుకున్నాడు. అందులో కొంతకాలమే జపాన్‌వాళ్ల మీద. మిగతా కాలం ఆ తుపాకీ ఎవరి మీద ఉందో ఇక్కడ ఎవరూ అడగలేదు. అది తేలేదాకా ఈ బట్ట నేను తీసుకోలేను. భోజనానికి పిలిచినందుకు థాంక్స్." తర్వాత వరసలో నిలబడి పులిహోర పెట్టించుకుని తిన్నారు. కారులో దింపుతానంటే వద్దని బస్సెక్కి వెళ్లారు. హాల్లో ఒకరిద్దరు "అదేంటండీ, శాలువా తీసేశాడు" అని నన్నే అడిగారు. నేను శాలువా చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను.

తర్వాతి శనివారం లాండ్రీ గదిలో ఆయన కుర్చీ లేదు. ఆ తర్వాత శనివారం కూడా లేదు. తమిళావిడ ఇడ్లీల డబ్బా తెచ్చి, మూత తీయకుండానే తీసుకుపోయింది. మాస్టారు బుధవారానికి మారారని ఆవిడే చెప్పింది. నాకు ముందు కోపం వచ్చింది, మర్యాద చేస్తే ఇదా అని. తర్వాత ఆ ఫొటో గుర్తొచ్చింది. ఆయన బయటికి చూస్తుంటేనే నిద్ర పడుతుందన్న మాట అప్పటికి గాని నాకు వినపడలేదు.

రాజమండ్రిలో ఉన్న మా మేనత్తకు ఫోన్ చేశాను. తాతయ్య పిల్లల్లో మిగిలింది ఆవిడే. యుద్ధం అయ్యాక తాతయ్యను ఎక్కడ వేశారని అడిగాను.

"ఏరా, ఇన్నాళ్లకి ఇప్పుడెందుకురా ఆ సంగతులు?" అంది. తర్వాత ఆవిడే, "ఏదో ఊళ్లో కాపలా డ్యూటీ వేశారంట. జనం గొడవ చేస్తే వీళ్లని పంపారంట. అంతకంటే నాకూ తెల్దు. కానీ ఒకటి చెప్తా విను. నాన్న సంతకెళ్లేవాడు కాదు. అమ్మే వెళ్లేది. జనం గుంపుగా కనబడితే చాలు, వెనక్కి తిరిగొచ్చేసేవాడు. మా పెళ్లిళ్లలో కూడా పందిట్లో నిలబళ్లేదు, దొడ్లోనే కూచున్నాడు."

"ఎందుకని ఎవరూ అడగలేదా అత్తయ్యా?"

"మెడల్ తుడిచేవాళ్లం గానీ, అడగడమేంట్రా?"

ఆ బుధవారం మీటింగును ఫోన్‌లో మ్యూట్ చేసి, ఒక దుప్పటి పట్టుకుని కిందికి వెళ్లాను. బుట్టెడు బట్టలు ఎక్కడివి, శనివారమే ఉతికేశాను కదా. మాస్టారు తలుపుకు ఎదురుగా కూర్చుని ఉన్నారు. సారీ చెప్పాలని చాలా రిహార్సల్ చేసుకున్నాను. నోరు తెరిచేసరికి అది రాలేదు. తాతయ్య ఫొటో ఆయన చేతిలో పెట్టి, మేనత్త చెప్పింది చెప్పినట్టు చెప్పాను. ఈయన మెడల్ ఏటా తుడుస్తున్నాం గాని, మేం కూడా ఎప్పుడూ అడగలేదన్నాను.

ఆయన ఫొటోను చాలాసేపు చూశారు. డ్రయ్యర్ ఆగింది. మొదటిసారి, మెషిన్ ఆగాక ఆయన మాట్లాడటం మొదలుపెట్టారు.

"మీ తాత భయపడింది జనానికా, జనం ముందు నిలబడ్డ తనకా?"

"తెలియదండి."

"నాకు కూడా తెలియదు." తర్వాత చెప్పారు. బర్మా నుంచి తిరిగొచ్చాక ఆయన తండ్రిని దక్షిణాదిన ఒక సంత ఊళ్లో వేశారు. ఒకరోజు జనం పోగయ్యారు. సిపాయిల్ని వరసగా నిలబెట్టారు. ఎవరో కాల్చమన్నారు, కొందరు కాల్చారు, జనంలో కొందరు పడిపోయారు. సైన్యం వదిలి ఊరికొచ్చాక తండ్రి అందరికీ వీపు తిప్పి కూర్చుని అన్నం తినేవాడు. పదేళ్ల వయసులో మాస్టారు ధైర్యం చేసి, "నాన్నా, ఆ రోజు నువ్వు కాల్చావా?" అని అడిగారు.

"నిలబడ్డాను అన్నాడు. అంతే. చచ్చిపోయేదాకా ఇంకో మాట అనలేదు. జూనియర్ బ్రదర్, ఆ ఒక్క మాటకు అర్థం వెతకడానికే నేను చరిత్ర చదివాను. ఆయన్ని ఆ వరసలో ఎవరు నిలబెట్టారో ఇప్పుడు నాకు తెలుసు. కోటల దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పగలను, చెబుతూనే ఉన్నాను కదా. ఇక్కడ మాల్‌లో గార్డు యూనిఫాం వేసుకున్న మొదటి రోజు అద్దంలో ఆయనే కనిపించాడు. ఆ రోజు జాలేసింది. కానీ కారణం తెలియడం వేరు, క్షమించడం వేరు. ఫొటోని గదిలోకి తిప్పే ధైర్యం నాకింకా రాలేదు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చూసి, మా దుప్పటి ఇంకో రౌండ్ వేయమన్నారు. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర తల వంచి, ఆగి, "ఆ జరీ బట్ట నీ దగ్గరే ఉందా?" అని అడిగారు.

"ఉందండి."

"సన్మానం వద్దు. కింద చలిగా ఉంటుంది, మోకాళ్ల మీద వేసుకుంటాను."

ఆ శనివారం నుంచి క్లాసు మళ్లీ మొదలైంది. జరీ అంచు శాలువా మోకాళ్ల మీద వేసుకుని ఆయన ఆఫ్రికా చెప్పేవారు. నెల తిరక్కుండానే దానికి బ్లీచ్ మరక పడింది. మా సంఘంవాళ్లు చూస్తే ప్రాణం పోయేది. అలా రెండు చలికాలాలు గడిచాయి. ఫొటో సంగతి నేను మళ్లీ ఎత్తలేదు, ఆయన కూడా ఎత్తలేదు. పోయిన పండగలకు స్వీట్లు ఇవ్వడానికి వెళ్లినప్పుడు కూడా ఫ్రేము వెనకాల అట్టే కనపడింది. ఈ చలికాలం ఆయనకు దగ్గు పట్టుకుంది. గదిలోకి రానివ్వకుండా, ఇన్ఫెక్షన్ అంటూ తలుపు దగ్గరే మాట్లాడి పంపేసేవారు.

అంత్యక్రియలు అయిన రెండో రోజు, ఎడ్మంటన్ నుంచి వచ్చిన ఆయన కూతురు మా తలుపు కొట్టింది. అక్కడ నర్సుగా పనిచేస్తుంది. "అంకుల్, ఆస్పత్రికి వెళ్లే ముందు నాన్న మీ కోసం ఇది పెట్టారు" అని బిస్కెట్ డబ్బా ఇచ్చింది. ఊపితే బొత్తాలు గలగలమన్నాయి. "ఒక్కసారి లోపలికి వస్తారా? అన్నీ సర్దేస్తున్నాను. ఒక్కటి మాత్రం ముట్టుకోబుద్ధి కావడం లేదు. ఎందుకలా ఉందో మీకేమైనా తెలుసేమోనని."

ఆ అమ్మాయి వెంట వెళ్లాను. ఏడడుగుల తలుపు దగ్గర నా తల దానంతట అదే వంగింది. గదిలో అట్టపెట్టెలు, చుట్టిన తివాచీ. సామాన్లన్నీ కట్టేసినా కిటికీ దగ్గర మాత్రం కదపలేదు. మాస్టారి మడత కుర్చీ ఎప్పుడూ తలుపు వైపే తిరిగి ఉండటం చూశాను. ఇప్పుడది తలుపుకు వీపు పెట్టి, కిటికీ గూటికి ఎదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా ఉంది. గూట్లో ఫొటో గదిలోకి తిరిగి ఉంది. ఆ మొహాన్ని అప్పుడే మొదటిసారి చూశాను. పట్టుమని ఇరవై ఏళ్లుండవు. యూనిఫాం భుజాల దగ్గర వదులుగా ఉంది. ఫ్రేము మీదుగా ఆ భుజాల చుట్టూ, చలికి కప్పినట్టు, బ్లీచ్ మరక లోపలికి మడిచి జరీ అంచు శాలువా ఉంది.